ముట్టుకున్న పావునే కదపాలి

(మొదటిసారి రేటింగ్ టోర్నమెంటుకు వెళ్ళబోతున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు శాఖా గ్రంథాలయంలో ఒక చెస్ ఆర్బిటర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులోకి గాలి కొడుతోంది. ఆఁ, చాలు.

ఎలా ఆడితే గెలుస్తారో చెప్పడానికి నేను రాలేదు. అది మీ కోచ్ గారి పని. నేను ఆర్బిటర్‌ని. బల్లల మధ్య తిరుగుతూ, ఎవరైనా చెయ్యెత్తితే వెళ్ళి తగువు తీర్చే మనిషిని. కరోనా తర్వాత మా దగ్గరికి వచ్చే తగువుల తీరు మారింది. ఫోన్‌లో వందల ఆటలు ఆడినవాళ్ళు, ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, గడగడా చెప్పేవాళ్ళు, మొదటిసారి బల్ల ముందు కూర్చుని ఓడిపోతున్నారు. ఆట రాక కాదు. ఆట చుట్టూ ఉండే పనులు రాక. పావు ఎలా పట్టుకోవాలి, గడియారం ఎప్పుడు నొక్కాలి, కాగితం మీద ఏం రాయాలి, ఎవరిని పిలవాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి.

ఫోన్‌లో ఆడేటప్పుడు ఇవన్నీ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టినట్టన్నమాట. తప్పు ఎత్తు వేయబోతే పావును వెనక్కి పంపేస్తుంది. గడియారం అదే నొక్కుతుంది, ఎత్తులు అదే రాసుకుంటుంది, టైం అయిపోతే ఆట అదే ఆపుతుంది. బల్ల దగ్గర ఇందులో సగానికి పైగా మీ బాధ్యత. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే. మిగతావన్నీ ఉదాహరణలు.

ముందు చెయ్యి సంగతి. ఫోన్‌లో గుర్రాన్ని వేలితో పట్టుకుని, లాగి, ఆలోచించి, మళ్ళీ దాని గడిలోనే వదిలేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు. బల్ల దగ్గర మీ వంతులో మీ పావును కావాలని ముట్టుకుంటే, దానికి చెల్లే ఎత్తు ఉన్నంతవరకు దాన్నే కదపాలి. ఎదుటివాడి పావును ముట్టుకుంటే, తీయగలిగితే దాన్నే తీయాలి. పావు గడి మధ్యలో సరిగ్గా లేకపోతే సర్దుకోవచ్చు, కానీ ముట్టుకోకముందే "ఎడ్జస్ట్" అని చెప్పాలి. ముట్టుకున్నాక చెబితే అది సర్దడం కాదు, సాకు.

ఇది చిన్నపిల్లలకే జరుగుతుందనుకోకండి. 2016లో మాస్కోలో క్యాండిడేట్స్ టోర్నమెంట్. అంటే ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీ. హికారు నకమురా, లెవాన్ అరోనియన్ ఆడుతున్నారు. ఏనుగుల ఎండ్‌గేమ్, అంటే కొన్ని పావులే మిగిలిన ఆఖరి దశ. నకమురా రాజును ముట్టుకున్నాడు, వెంటనే పొరపాటు తెలిసింది, "ఎడ్జస్ట్" అన్నాడు. అరోనియన్ ఒప్పుకోలేదు, ఆర్బిటర్ వచ్చాడు. నకమురా రాజునే కదపాల్సి వచ్చింది, ఆట పోయింది. ఆయన ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల్లో అయిపోయే ఆటలో, ప్రపంచంలోనే పేరుమోసిన ఆటగాడు. ఇంటర్నెట్‌లో ఆయన ఎన్ని వేలసార్లు రాజు మీద వేలుపెట్టి తీసి ఉంటాడో ఊహించుకోండి.

ఇంకోటి, పావును గడిలో పెట్టి చెయ్యి వదిలేస్తే ఆ ఎత్తు ఇక మార్చలేరు. 1994లో స్పెయిన్‌లోని లినారెస్‌లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, ఒక్క క్షణం వేళ్ళు వదిలి, మళ్ళీ పట్టుకుని వేరే గడిలో పెట్టాడు. ఎదురుగా ఉన్నది 17 ఏళ్ళ జూడిత్ పోల్గార్. ఆమె అప్పుడు ఫిర్యాదు చేయలేదు. వేళ్ళు వదిలినట్టు తర్వాత వీడియోలో కనిపించింది, కానీ అప్పటికే కాస్పరోవ్ గెలిచేశాడు. అమ్మాయిలూ, మీకు ప్రత్యేకంగా చెబుతున్నా. ఎదురుగా ఎంత పెద్దవాడు కూర్చున్నా సరే, అన్యాయం అనిపిస్తే గడియారం ఆపి చెయ్యెత్తండి. అది గొడవ కాదు, మీ హక్కు. అరవాల్సిన పని కూడా లేదు. మేం వస్తాం.

క్యాస్లింగ్ దగ్గర, అంటే రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపే చోట, చాలామంది దెబ్బతింటారు. ఫోన్‌లో రాజును రెండు గడులు లాగితే ఏనుగు తనంతట తానే వచ్చి పక్కన చేరుతుంది. బల్ల దగ్గర ముందు రాజును కదపాలి, తర్వాత ఏనుగును, రెండూ ఒకే చేత్తో. ముందు ఏనుగును ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ పోయినట్టే, ఏనుగునే కదపాలి. రెండు చేతులూ వాడి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు కిందకి వస్తుంది.

చెల్లని ఎత్తు అన్నాను కదా, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆన్‌లైన్ ఆటలో ఈ మాటకు అర్థమే లేదు. యంత్రం చెల్లని ఎత్తు వేయనివ్వదు. అందుకే ఫోన్ మీద నేర్చుకున్న పిల్లాడికి తను చెల్లని ఎత్తు వేయగలడన్న సంగతే తెలియదు! (నవ్వులు) నవ్వకండి, నిజం. బల్ల మీద రాజుకు చెక్ ఉన్నా చూసుకోకుండా బంటును తోసి గడియారం నొక్కేయొచ్చు, చెక్క పావు మిమ్మల్ని ఆపదు. క్లాసికల్ ఆటలో, అంటే గంటల తరబడి సాగే ఆటలో, మొదటిసారి అలా చేస్తే ఎదుటివాడికి రెండు నిమిషాలు కలుపుతాం, ఆటను ఆ తప్పుకు ముందున్న స్థితికి తీసుకొస్తాం. రెండోసారి చేస్తే ఓటమి. ఎత్తు వేయకుండానే గడియారం నొక్కినా ఇదే లెక్క.

అన్నట్టు, "చెక్" అని ఎదుటివాడు చెప్పాలన్న నియమం లేదు. ఫోన్‌లో రాజు గడి ఎర్రబడుతుంది, టిక్ మని శబ్దం కూడా వస్తుంది. బల్ల దగ్గర ఎవరూ హెచ్చరించరు. "వాడు చెక్ చెప్పలేదు సార్" అని నా దగ్గరికి వచ్చే పిల్లలు ప్రతి టోర్నమెంటులోనూ ఉంటారు. వాడు చెప్పక్కర్లేదు నాన్నా, నువ్వే చూసుకోవాలి.

2017 చివర్లో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీల్లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్ చెక్ ఇచ్చాడు. ఎదురుగా ఎర్నెస్టో ఇనార్కియెవ్. ఆయన రాజును తప్పించకుండా, తిరిగి గుర్రంతో చెక్ ఇచ్చాడు. అది చెల్లని ఎత్తు. కార్ల్‌సన్ ఆ సంగతి అడగకుండా తన రాజును కదిపాడు. వెంటనే ఇనార్కియెవ్ గడియారం ఆపి, 'కార్ల్‌సన్ వేసినదే చెల్లని ఎత్తు' అన్నాడు! బల్ల దగ్గరున్న ఆర్బిటర్ ముందు ఇనార్కియెవ్‌కే గెలుపు ఇచ్చాడు. కార్ల్‌సన్ అడ్డం తిరిగాక చీఫ్ ఆర్బిటర్ వచ్చి, ఆట కొనసాగించమన్నాడు. ఇనార్కియెవ్ ఆడనన్నాడు, పాయింటు కార్ల్‌సన్‌కు వెళ్ళింది. ఇలాంటి గొడవ ఫోన్‌లో పుట్టనే పుట్టదు. మా ఆర్బిటర్లకు ఉద్యోగం ఇచ్చేది ఈ చెక్క పావులే. (నవ్వులు)

బంటు చివరి వరుసకు చేరిందనుకోండి. ఫోన్‌లో చిన్న పెట్టె తెరుచుకుని "ఏం కావాలి?" అని అడుగుతుంది. బల్ల దగ్గర బంటును తీసి, మంత్రిని మీరే వెతికి తెచ్చి పెట్టాలి, ఆ తర్వాతే గడియారం. కెనడా జాతీయ ఛాంపియన్‌షిప్, 2017. టైటిల్ ఎవరిదో తేల్చే బ్లిట్జ్ టైబ్రేక్. నికొలాయ్ నోరిత్సిన్ బంటు చివరి గడికి చేరింది. సెకన్లే మిగిలాయి. మంత్రి కోసం చూస్తే బల్ల మీద కనపడలేదు, ఎందుకంటే అది ప్రత్యర్థి బాటోర్ సంబుయెవ్ చేతిలో ఉంది. దొరికిన ఏనుగును తలకిందులుగా పెట్టి మంత్రి అనుకోమన్నట్టు ఆడేశాడు. మన ఇళ్ళల్లో అందరం అలాగే ఆడతాం. కానీ నియమం ప్రకారం తలకిందులుగా పెట్టినా ఏనుగు ఏనుగే. ఆర్బిటర్ అదే చెప్పాడు. ఆట పోయింది, టైటిల్ కూడా పోయింది. ఆయన అప్పుడు ఏం చేసుండాల్సింది? గడియారం రెండు వైపులా ఆపేసి, "మంత్రి కావాలి" అని ఆర్బిటర్‌ని అడగాలి. అలా ఆపే హక్కు మీకుంది. ఇది మాత్రం ఇంటికెళ్ళాక కూడా గుర్తుపెట్టుకోండి.

గడియారం. పావు కదిపిన చేత్తోనే నొక్కాలి. చాలామంది మర్చిపోతారు, నొక్కకుండా కూర్చుంటారు, వాళ్ళ టైమే పోతుంటుంది. ఎదుటివాడు గుర్తుచేయక్కర్లేదు. కొందరు మంచివాళ్ళు గుర్తుచేస్తారు, అది వాళ్ళ సంస్కారం. ఆన్‌లైన్‌లో ప్రీమూవ్ అని ఒకటుంది కదా, ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు పెట్టేసుకోవడం. లీచెస్ అనే సైటులో దానికి సమయమే పట్టదు, చెస్ డాట్ కామ్ అనే సైటులో సెకనులో పదో వంతు. సెకను మిగిలినా పది ఎత్తులు ఆడేస్తారు. బల్ల దగ్గర అది కుదరదు. చెయ్యి కదలాలి, పావు నిలబడాలి, గడియారం దాకా వెళ్ళాలి. పైగా టైం సున్నా అయితే దానంతటదే ఆట ఆగదు. మీరు చెప్పాలి, లేదా ఆర్బిటర్ చూడాలి. ఎవరూ గమనించకపోతే సాగుతూనే ఉంటుంది.

ఇక పెన్ను. క్లాసికల్ ఆటలో ప్రతి ఎత్తూ రాయాలి, మీదీ, ఎదుటివాడిదీ. మన దగ్గర ఓపెన్ టోర్నమెంట్లలో ఎక్కువగా 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల ఇంక్రిమెంట్, అంటే ప్రతి ఎత్తుకూ గడియారంలో కలిసే టైం, ఉంటుంది. అలాంటి ఆటలో చివరిదాకా రాయాల్సిందే. ఇంక్రిమెంట్ 30 సెకన్ల కన్నా తక్కువైతేనో, అసలు లేకపోతేనో, ఐదు నిమిషాల లోపుకు వచ్చాక రాయకపోయినా ఫరవాలేదు. ఎత్తు వేయకముందే రాసుకోవడం మాత్రం తప్పు. ఇదంతా చాదస్తం అనుకుంటున్నారు కదూ? మూడుసార్లు అదే స్థితి వచ్చిందని డ్రా అడగాలంటే చేతిలో ఈ కాగితం ఉండాలి. ఆ స్థితి ఇప్పుడే మూడోసారి వచ్చి ఉంటే, మీరేమీ కదపకుండా అడగాలి. మీ ఎత్తుతో మూడోసారి వస్తుందంటే, ఎత్తు వేయకూడదు, కాగితం మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ని పిలవాలి. ఎత్తు వేసేసి గడియారం నొక్కాక వచ్చి అడిగితే ఆ అవకాశం దాటిపోయినట్టే. మీరు అడిగింది తప్పని తేలితే ఎదుటివాడికి రెండు నిమిషాలు కలుస్తాయి. చెస్ డాట్ కామ్ అయితే మూడోసారి రాగానే తనే డ్రా ప్రకటిస్తుంది. ఆ అలవాటుతో బల్ల దగ్గర డ్రా ఆటలు ఓడిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

కన్ను గురించి కోచ్‌లు నాకన్నా బాగా చెబుతారు, అయినా రెండు మాటలు. తెర మీద బోర్డు పైనుంచి చూసినట్టు చదునుగా ఉంటుంది. బల్ల మీద పావులకు ఎత్తుంటుంది, దగ్గరి పావు వెనక దూరపు పావు దాక్కుంటుంది, ఎదుటి మూలనున్న బిషప్ కంటికి ఆనదు. పొట్టి పిల్లలకు ఇంకా కష్టం, కుర్చీ మీద ఏదన్నా వేసుకోండి, తప్పేం లేదు. ఎదుటివాడి చివరి ఎత్తుకు రంగు పడదు, ఎవరు ఎన్ని బంట్లు ఎక్కువో పక్కన అంకె కనపడదు. ఇంట్లో పజిల్స్ చేసేటప్పుడు తెర మీద చూసి, బల్ల మీద పేర్చుకుని చేయండి. వారం పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా ఎదురుగా మనిషి ఉండటం. ఫోన్‌లో ఎదుటివాడు ఒక పేరు, ఒక జెండా, అంతే. బల్ల దగ్గర వాడి ఊపిరి వినపడుతుంది, కాలు ఊపడం తెలుస్తుంది. మీరు కంగారుపడితే వాడికీ తెలుస్తుంది. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆటలో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ తన ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఎదురుగా ఉన్న మన గుకేశ్‌కు అది తప్పని తెలిసిపోయింది. 18 ఏళ్ళ కుర్రాడు, ప్రపంచ ఛాంపియన్ కాబోతున్నాడని అర్థమైపోయింది, అయినా కుర్చీలో కూర్చుని తనను తాను పట్టుకోవాలి. వీడియో చూడండి, ఆ కొన్ని నిమిషాలు చూడండి. మౌస్ పట్టుకుని ఆడేవాడైతే లేచి గంతులేసేవాడు, ఎవరూ చూసేవాళ్ళు లేరు. గెలిచాక గుకేశ్ కన్నీళ్ళతోనే పావులన్నీ తిరిగి వాటి గడుల్లో పేర్చాడు. ఆ తర్వాతి జూన్‌లో నార్వేలో అదే గుకేశ్ చేతిలో ఓడి కార్ల్‌సన్ బల్ల మీద గుద్దితే పావులు ఎగిరిపడ్డాయి. ఇంట్లో కీబోర్డు మీద గుద్దితే ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ ప్రపంచమంతా చూసింది. మన టోర్నమెంట్లలో పిల్లలు అలా చేస్తే హెచ్చరిస్తాం, మళ్ళీ చేస్తే ఊరుకోం.

బట్టల గురించి ఒక్క మాట. పెద్ద పోటీల్లో డ్రెస్ కోడ్ ఉంటుంది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జీన్స్ విషయంలో పట్టుపట్టి కార్ల్‌సన్ ప్రపంచ ర్యాపిడ్ పోటీని, అంటే బ్లిట్జ్‌కూ క్లాసికల్‌కూ మధ్య వేగంతో సాగే ఆట పోటీని, మధ్యలోనే వదిలేసి వెళ్ళాడు. అదే ఊళ్ళో, అదే రోజుల్లో మన కోనేరు హంపి మహిళల ర్యాపిడ్ టైటిల్ రెండోసారి గెలిచింది. మొదటిది 2019లో మాస్కోలో. వార్తల్లో జీన్స్ ఎక్కువ కనపడింది, హంపి తక్కువ కనపడింది. నాకు అది ఇప్పటికీ నచ్చదు.

అలాగని ఆన్‌లైన్ ఆటను తీసిపారేయను. దూరం నుంచి ఆడటం కొత్తేం కాదు. 1965లో క్యూబాలోని హవానాలో కాపాబ్లాంకా స్మారక పోటీకి వెళ్ళడానికి బాబీ ఫిషర్‌కు అమెరికా ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆయన న్యూయార్క్‌లోని మార్షల్ చెస్ క్లబ్‌లో కూర్చుని టెలిటైప్ మీద, అంటే తీగల ద్వారా అక్షరాలు పంపే యంత్రం మీద, ఎత్తులు పంపి టోర్నమెంట్ అంతా ఆడాడు, ఫస్ట్‌కు అరపాయింటు తక్కువలో ఆగాడు. ఇవాళ మండలం సెంటర్‌లో ఉండే పిల్లాడు రాత్రి భోజనం చేసి బ్రెజిల్ వాడితో ఆడుతున్నాడు. ఒకప్పుడు మంచి ప్రత్యర్థి కోసం గుంటూరో విజయవాడో హైదరాబాదో బస్సెక్కాల్సి వచ్చేది. ఇది చిన్న విషయం కాదు.

కానీ అక్కడా వేరే కష్టాలున్నాయి. 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్, భారత్, రష్యా. మన జట్టులో తెలుగువాళ్ళు హంపి, హారిక, హరికృష్ణ ముగ్గురూ ఉన్నారు. ఆట మధ్యలో ఇంటర్నెట్ పెద్ద ఎత్తున దెబ్బతింది. నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ టైం అయిపోయి ఓడిపోయారు. మనవాళ్ళు అప్పీలు చేశారు, చివరికి ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే రెండు దేశాలకూ బంగారు పతకం ఇచ్చింది. అదే ఏడాది ఇంకో ఆన్‌లైన్ పోటీలో డింగ్ లిరెన్ కనెక్షన్ పోయి ఆట ఓడితే, తర్వాతి ఆటలో కార్ల్‌సన్ నాలుగో ఎత్తుకే మంత్రిని ఊరికే ఇచ్చేసి లెక్క సరిచేశాడు. అలా ఇచ్చే మనుషులు రోజూ దొరకరు కాబట్టి, ముఖ్యమైన ఆన్‌లైన్ పోటీ ఉన్నప్పుడు మొబైల్ డేటా కూడా సిద్ధంగా పెట్టుకోండి.

మోసం గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు, నేనే చెప్పేస్తా. ఆన్‌లైన్‌లో పక్కన ఇంకో ఫోన్ పెట్టుకుంటే ఎవరు చూస్తారు? 2021లో ఒక సహాయ నిధి కోసం విశ్వనాథన్ ఆనంద్‌తో ఆన్‌లైన్‌లో ఆడిన ఒక పేరున్న వ్యాపారవేత్త, తనకు కంప్యూటర్ సాయం అందిందని తర్వాత ఒప్పుకున్నారు. బల్ల దగ్గర మోసం లేదని కాదు. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇగోర్స్ రౌసిస్ అనే గ్రాండ్‌మాస్టర్ బాత్‌రూంలో ఫోన్‌తో దొరికాడు. ఆరేళ్ళ నిషేధం, టైటిల్ కూడా తీసేశారు. అందుకే హాల్లోకి ఫోన్ తేవొద్దంటాం. మోసం చేయాలని లేకపోయినా, మోగితే చాలు. 2003లో, 20వ పుట్టినరోజున, అప్పటి ఫిడే ఛాంపియన్ పొనొమారియోవ్ ఫోన్ మోగింది, ఆట పోయింది. అమ్మా, మీ అబ్బాయి లోపల ఆడుతుంటే "తిన్నావా" అని ఫోన్ చేయొద్దు. (నవ్వులు) ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, ఆ చివర నాన్నగారు... "మా వాడికి ఆన్‌లైన్‌లో 1800 ఉంది, ఇక్కడ ఎంత వస్తుంది?" అండీ, ఆ రెండింటికీ సంబంధం లేదు. ఏ సైటు లెక్క దానిది, ఎవరితో ఆడారన్నదాన్ని బట్టి వస్తుంది. ఫిడే రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్ళతో కనీసం ఐదు ఆటలు ఆడాలి, మొదలయ్యేదే 1400 నుంచి. ఆన్‌లైన్‌లో ర్యాపిడ్ అని పిలిచే పది నిమిషాల ఆట ఫిడే లెక్కలో బ్లిట్జ్ కిందకి వస్తుంది. మీ వాడు ఇంతకాలం ఆడింది బ్లిట్జేనన్నమాట. క్లాసికల్‌లో అలవాటు కొద్దీ టకటకా ఆడేసి, 80 నిమిషాలు మిగిల్చుకుని ఓడి బయటికొచ్చే పిల్లలను చూస్తుంటాం. కూర్చోవడం నేర్పండి. ఒక్కో ఆట మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. మంచినీళ్ళ సీసా ఇచ్చి పంపండి.

బాబూ, నువ్వు. "ఎదుటివాడు రాకపోతే ఎంతసేపు ఆగాలి?" మంచి ప్రశ్న. ఆన్‌లైన్‌లో అయితే కొన్ని సెకన్లు చూసి ఆట రద్దు చేస్తుంది. ఇక్కడ టైం కాగానే గడియారం మొదలుపెడతాం. ఎంత ఆలస్యమైతే ఓటమి అన్నది నిర్వాహకులు ముందే ప్రకటనలో వేస్తారు, కొన్ని చోట్ల అరగంట, కొన్ని చోట్ల అంతకన్నా తక్కువ. ఆ కాగితం చదవకుండా రావద్దు. బోర్డు, గడియారం మీరే తెచ్చుకోవాలా అన్నది కూడా అందులోనే ఉంటుంది. పెన్ను మాత్రం ఎక్కడా ఇవ్వరు, రెండు తెచ్చుకోండి.